రెండు మూతుల మర

అర్బా మించ్,
ఉపవాసాలకి ఇంకా పన్నెండు రోజులు.

తమ్ముడు మెంగెషాకి,

అక్క ఎతాగెన్ దీవించి రాయునది. దేవుడి దయవల్ల నేను బాగున్నాను. దొడ్లో పొట్టేలు కూడా బాగుంది. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు కాబట్టి నువ్వూ బాగానే ఉన్నావని అనుకుంటున్నాను. ఒంట్లో బాగాలేకపోతే తప్ప నీకు అక్క గుర్తుకు రాదు కదా.

అసలు సంగతికి వస్తాను. నా రసాల కొట్టులో మర కాలిపోయింది. మీ బావ బతికుండగా కొన్నది, పద్నాలుగేళ్ళు తిరిగింది. మొన్న శనివారం అవకాడో వేసి మీట నొక్కితే ఒక్క మూలుగు మూలిగి, పొగ వదిలి, చల్లబడిపోయింది. అప్పుడు కొట్టులో బడి పంతులమ్మ కూర్చుని ఉంది. "చచ్చిపోయిందా ఎతాగెన్?" అంది. "లేదమ్మా, చుట్ట తాగుతోంది" అన్నాను. పకపకా నవ్వింది. నవ్వుతూనే లేచి ఎదురుగా అస్కలే కొట్టుకి వెళ్ళిపోయింది.

ఈ అస్కలే మూడు నెలల కిందట తెరిచింది. అద్దాల తలుపు, రంగు కుర్చీలు, గోడ మీద పూల కాగితం. అన్నీ ఉన్నాయి గానీ ఆవిడ గ్లాసులో చెంచా నిలబడదు, పక్కకి వాలిపోతుంది. నా గ్లాసులో కింద అవకాడో, మధ్యన బొప్పాయి, పైన మామిడి. మూడు రంగులూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఉంటే, వాటి నడుమ చెంచా జెండా కర్రలా నిలబడుతుంది. ఊరంతా ఎరుగుదురు. కానీ మరే లేనప్పుడు చెంచా దేంట్లో నిలబెట్టను? యాభై అయిదు రోజుల హుదాదే ఉపవాసం వచ్చేస్తోంది. మాంసం, పాలు, వెన్న అన్నీ మానేసి ఊరు ఊరంతా నా గ్లాసుల మీదే బతికే రోజులు. ఈ రోజుల్లో కొట్టు మూసుకుంటే ఇంక ఎప్పటికీ మూసుకోవడమే.

మీ అడిస్ అబాబాలో మెర్కాతో అనే పెద్ద బజారులో రెండు రకాలు అమ్ముతున్నారట. జ్యూసరని ఒకటి, బ్లెండరని ఒకటి. పచ్చి కూరలకీ పళ్ళకీ ఏది మంచిదో నాకేం తెలుసు? నువ్వు ముప్పై ఏళ్ళు టెలిఫోను ఆఫీసులో పనిచేసినవాడివి. చూసి ఒకటి కొని, డ్రైవర్ బెలెతే బస్సులో పంపు.

ఇట్లు నీ అక్క,
ఎతాగెన్

తా.క.: పొట్టేలుకి నీ పేరు పెట్టాను. కోపం తెచ్చుకోకు. ఏం పెట్టినా కాదనదు, పెట్టకపోతే తలుపు పొడుస్తుంది, తిన్నాక గోడకి ఆనుకుని నిద్రపోతుంది. మరి ఇంకే పేరు పెట్టమంటావు? ఉపవాసాలు ముగిసే ఫాసికా పండక్కి నువ్వొచ్చాకే కోస్తాం.


అడిస్ అబాబా,
ఉపవాసాలకి ఇంకా నాలుగు రోజులు.

పూజ్యురాలైన అక్కయ్యకి,

మెంగెషా నమస్కరించి రాయునది. నేను బాగున్నానని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నిజానికి నా కొంప మునిగింది.

కాలి బొటనవేలు వాచి చెప్పు పట్టకపోతే డాక్టర్ ఫంతాయె దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, నవ్వదు. నెత్తురు తీసింది, తూచింది, నా పొట్ట మీద వేలితో తట్టింది. "ఇక మీదట మీరు పచ్చివి తినాలి" అంది.

నా సంతోషం ఏం చెప్పమంటావు! "చిన్నప్పట్నుంచీ పచ్చిదే తింటున్నాను డాక్టరుగారూ. వారానికి రెండుసార్లు కసాయి కొట్లో నిలబడి, నేనే కోసుకుని, కారం నంజుకుని..." అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మాంసం కాదు. పచ్చి కూరలు. క్యారెట్టు, క్యాబేజీ, బీటురూటు. పిప్పి తీసేసి తేట రసం తాగాలి."

"గడ్డి తినమంటారా?" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. దాంతో షరతు పెట్టింది. ఫాసికా నాటికి అయిదు కిలోలు తగ్గాలట. తగ్గితే పండగ రోజు మాంసం తినొచ్చు. తగ్గకపోతే చిటికెన వేలంత ముక్క కూడా ముట్టకూడదు. తింటే నా కాలు తను చూడదట. అక్కయ్యా, ఊళ్ళో వాళ్ళందరితో పాటు యాభై అయిదు రోజులు కడుపు మాడ్చుకుని, పండగ పొద్దున అందరూ ఎర్రటి పచ్చిమాంసం కోసుకుని తింటూ ఉంటే నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయం! నాన్నగారు బతికుంటే ఏడ్చేవారు.

సరే, మన అవసరం ఇద్దరిదీ ఒకేసారి వచ్చింది కాబట్టి రెండు రకాలూ కొన్నాను. ఎవరికి ఏదన్నది బాగా ఆలోచించాను. జ్యూసరు పెద్దది, బరువైంది, దానికి రెండు మూతులున్నాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. బ్లెండరుకి ఒక గాజు జాడీ, అంతే. ఇంక ఆలోచించడానికి ఏముంది? నీది కొట్టు. రెండు మూతులుంటే ఒకేసారి ఇద్దరికి పోయొచ్చు. నేను ఒక్కణ్ణి, నాకు ఒక జాడీ చాలు. కొట్టువాడు ఏదో వివరించబోయాడు. "బాబూ, నేను ముప్పై ఏళ్ళు టెలిఫోను ఆఫీసులో పనిచేశాను" అన్నాను. వెంటనే రెండూ కట్టి ఇచ్చేశాడు.

రెండు మూతులది బెలెతే బస్సులో పంపిస్తున్నాను. దించేటప్పుడు దగ్గరుండు.

ఇట్లు నీ తమ్ముడు,
మెంగెషా

తా.క.: పొట్టేలుకి నా పేరు పెట్టినందుకు కోపం లేదు. అది నాకంటే అదృష్టం చేసుకుని పుట్టింది. దాన్ని ఎవరూ తూచరు.


అర్బా మించ్,
ఉపవాసం అయిదో రోజు.

తమ్ముడు మెంగెషాకి,

అక్క దీవెనలు. మర చేరింది. బెలెతే స్వయంగా భుజాన పెట్టుకుని తెచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. అస్కలే మాత్రం రాలేదు, అద్దం వెనక నుంచి చూసింది.

నువ్వు ఒకేసారి ఇద్దరికి పోయొచ్చని రాశావు గానీ, ఇది అలా లేదురా. రెండు మూతుల్లోంచీ ఒకటే రావడం లేదు. అనాస వేస్తే ముందు మూతిలోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక మూతిలోంచి చిక్కటిది ముద్దగా పడుతోంది. క్యారెట్టు వేసినా అంతే. అవకాడో వేస్తే ముందు మూతి నోరే విప్పదు, మొత్తం వెనక నుంచే వచ్చేస్తుంది. మొదట భయపడ్డాను. తర్వాత వెనక ముద్ద గ్లాసులోకి ఎత్తి, నిమ్మకాయ పిండి, చెంచా గుచ్చి చూశాను. నిలబడింది! అబ్బ, మెంగెషా, ఎంత గట్టిగా నిలబడిందనుకున్నావు! గ్లాసు పక్కకి వంచినా చెంచా వంగలేదు.

నా పాత మరకి ఇంత తెలివి ఎక్కడిది? కాయలో ఎంత నీళ్ళుంటే అంతా గ్లాసులోకే వచ్చేది. ఇది అక్కర్లేని నీళ్ళు తీసి ముందుకి పారేసి, అసలు సరుకు వెనక దాచిపెడుతోంది. మరి ఆ నీళ్ళేం చెయ్యాలో రాయలేదు. రోజుకి రెండు బాల్చీలు వస్తున్నాయి.

ఇట్లు,
ఎతాగెన్

తా.క.: పంతులమ్మ తిరిగి వచ్చింది. అరగంట నమిలింది. "ఇది తాగితే సాయంత్రం దాకా ఆకలి వెయ్యదు" అంది. ఉపవాసమున్న వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?


అడిస్ అబాబా,
ఉపవాసం పదో రోజు.

పూజ్యురాలైన అక్కయ్యకి,

నమస్కారాలు. నువ్వు భయపడాల్సిన పనేమీ లేదు. యంత్రాల సంగతి నాకు వదిలెయ్యి. ముందు మూతిలోంచి వచ్చేవి మర తనని తాను కడుక్కునే నీళ్ళు. విదేశాల్లో తయారయ్యేవన్నీ ఇప్పుడు అలాగే వస్తున్నాయి. మనుషులకి పనికిరావు గానీ పారబోయకు. పొట్టేలుకి పొయ్యి.

నా మర ఇంకా కొత్త రకం. డాక్టరమ్మ పిప్పి వేరే వస్తుందని చెప్పింది. నాకు ఎంత వెతికినా పిప్పి కనిపించలేదు. జాడీ పైకెత్తి కిందా మీదా చూశాను. చివరికి అర్థమైంది, పిప్పిని మరే తినేస్తోంది. ఎంత శుభ్రమైన వస్తువో చూడు.

కాని అక్కయ్యా, క్యారెట్టు, క్యాబేజీ, బీటురూటు కలిపి తిప్పితే వచ్చేది వానాకాలం రోడ్డు మీది బురదలా ఉంది. మొదటి రోజు ముక్కు మూసుకుని రెండు గుటకలు వేశాను. మూడోది వెనక్కి వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మళ్ళీ చదివాను. కింద "పళ్ళు కూడా" అని ఉంది. అవకాడో చెట్టున కాసేదే కదా? మామిడి? అరటి? అన్నీ పళ్ళే. ఇప్పుడు ఒక చిన్న క్యారెట్టు ముక్కకి రెండు అవకాడోలు, ఒక మామిడి పండు, మూడు అరటిపళ్ళు వేస్తున్నాను. కాస్త చక్కెర. వెన్నలా దిగుతోంది! రోజుకి నాలుగు గ్లాసులు నియమంగా పుచ్చుకుంటున్నాను. ఆరోగ్యం ఇంత రుచిగా ఉంటుందని ఇన్నేళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ దొరికే అవకాడోలు రాళ్ళు. మన వైపువి ఒక బుట్ట పంపించు. వైద్యానికి కాబట్టి కాదనకు.

ఇట్లు,
మెంగెషా

తా.క.: బెల్టు కొంచెం కురచయ్యింది. తోలు ఈ చలికి ముడుచుకుంటుందట.


అర్బా మించ్,
ఉపవాసం పద్దెనిమిదో రోజు.

తమ్ముడు మెంగెషాకి,

దీవెనలు. బెలెతే చేతికి రెండు బుట్టలు ఇచ్చాను. ఒకటి నీకు. రెండోది నువ్వు ఒకటి తినేసి ఇంకా లేదా అని అడుగుతావు కాబట్టి.

నా కొట్టు ముందు బెంచీ చాలక చాప పరిచాను. మధ్యాహ్నం గుడి నుంచి తిన్నగా నా దగ్గరికే వస్తున్నారు. పూజారిగారు కూడా వచ్చారు. "ఎతాగెన్, నీ గ్లాసులో చెంచా నిలబడినంత గట్టిగా మన భక్తి నిలబడితే చాలు" అన్నారు. నిన్న ఒకావిడ తెల్ల నెతెలా శాలువా ముఖం మీదికి లాక్కుని వచ్చి మూలన కూర్చుని మూడు రంగులది అడిగింది. ముసుగు తియ్యకుండా తింటూంటే ముసుగుకి క్యారెట్టు అంటుకుంది. "అస్కలే, తల్లీ, ముసుగు తీసి తిను, నా దగ్గర బయటివాళ్ళు ఎవరూ లేరు" అన్నాను. గ్లాసు ఖాళీ చేసే వెళ్ళింది.

పొట్టేలు ఉందే, మెంగెషా, అది ఆ నీళ్ళకి బాగా మరిగింది. క్యారెట్టు నీళ్ళు, అనాస నీళ్ళు, పుచ్చకాయ నీళ్ళు. బాల్చీ చప్పుడు వింటే చాలు గంతులు. ఇంక గడ్డి పెడితే మూతి తిప్పుకుంటోంది. తొక్కలు పెట్టినా అంతే. ఇంతకు ముందు పిప్పీ గిప్పీ దానికే వేసేదాన్ని, ఇప్పుడు ఈ మరకి పిప్పి అంటూ ఏమీ ఉండదు కదా, అంతా గ్లాసుల్లోకే పోతుంది. కాస్త సన్నబడినట్టు నా కళ్ళకి అనిపిస్తోంది. పండక్కి కోసేసరికి ఏం మిగులుతుందో. పశువుల డాక్టరుకి కబురు పెట్టాను.

ఇట్లు,
ఎతాగెన్

తా.క.: చలికి తోలు ముడుచుకుంటుందని రాశావు. అడిస్ అబాబాలో చలి నీ ఒక్కడి బెల్టుకేనా, అందరిదీనా?


అడిస్ అబాబా,
ఉపవాసం ఇరవై నాలుగో రోజు.

అక్కయ్యకి,

నమస్కారాలు తర్వాత. మునిగిపోయాను.

ఇవాళ తూకం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూ నా శ్రద్ధ చూసి మురిసిపోతుందని ఒక గ్లాసు మూత పెట్టి తీసుకెళ్ళాను. కాటా ఎక్కాను. ఆవిడ చూసి, దిగమని, మళ్ళీ ఎక్కమంది. జేబులో ఏమున్నాయో తీసి పక్కన పెట్టమంది. తాళం చెవులు తీశాను. చివరికి బూట్లు కూడా విప్పించింది. మూడు కిలోలు పెరిగాను.

"ఏం తాగుతున్నారు?" అంది. గ్లాసు అందించాను. చెంచా తీసుకుని అందులో వేసింది. చెంచా నిలబడింది. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. నేను బతికినన్నాళ్ళలో చెంచా నిలబడినందుకు సిగ్గుపడటం ఇదే మొదటిసారి.

"ఇది భోజనం" అంది. "నేను రాసింది తేట రసం. దానికి రెండు మూతుల యంత్రం ఉంటుంది. ముందు మూతిలోంచి రసం వస్తుంది, వెనక మూతిలోంచి పిప్పి పడుతుంది. పిప్పి పశువులకి వేస్తారు."

అక్కయ్యా, నా కళ్ళ ముందు అర్బా మించ్ కనిపించింది. రెండు బాల్చీల నా మందు, రోజూ, నేనే రాసి మరీ పోయించిన నా మందు! దాన్ని ఎవరు తాగుతున్నారు? నా పేరు పెట్టుకున్న పొట్టేలు! మీ ఊళ్ళో పూజారిగారి దగ్గర్నుంచీ పంతులమ్మ దాకా అందరూ చెంచాతో తింటున్నది ఏమిటి? అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇంకా ముప్పై ఒక్క రోజులున్నాయి. ఎనిమిది కిలోలు తగ్గాలి. ఈ ఉత్తరం అందిన వెంటనే రెండు మూతులది కట్టి పంపించు. నీ బ్లెండరు నేను పంపుతాను. పండగ పొద్దున నా నోట్లో ముక్క పడుతుందా లేదా అన్నది ఇప్పుడు నీ చేతుల్లో ఉంది.

మెంగెషా

తా.క.: కొట్టువాడు వివరించబోయాడని రాశాను కదా. వాడు చెప్పబోయింది ఇదే అయి ఉంటుంది. మెర్కాతోలో ఆ వీధిన వెళ్ళడం మానేశాను.


అర్బా మించ్,
ఉపవాసం ఇరవై తొమ్మిదో రోజు.

తమ్ముడు మెంగెషాకి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి మొదట తల పట్టుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత కొట్టు ముందు చాప మీద కూర్చున్న వాళ్ళని చూసి నవ్వు ఆపుకున్నాను.

మర పంపను. పంపలేను రా. రోజుకి నూటికి పైగా గ్లాసులు. "ఇది పిప్పి" అని ఇప్పుడు నేను చెప్పానంటే పూజారిగారి మొహం ఎలా చూడాలి? అయినా వాళ్ళు పిప్పి అడిగి తింటున్నారు, ఇష్టపడి తింటున్నారు, మళ్ళీ వస్తున్నారు. అడిగితే చెప్తాను. ఉపవాసంలో అబద్ధం ఆడను, నీకు తెలుసు. కానీ అడగనివాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పాలని ఎక్కడా లేదు. నువ్వు తప్పు మర పంపి నా కొట్టు నిలబెట్టావు. ఇప్పుడు సరైన మర పంపి ముంచుతానంటే ఎలా?

నీ మందు మాత్రం పంపిస్తాను. అందులో నాకు లోటేముంది, పొట్టేలు వాటా కాస్త తగ్గిస్తాను. పసుపు రంగు ఇరవై లీటర్ల డబ్బా నిండా క్యారెట్టు, అనాస, బీటురూటు నీళ్ళు పోసి బిగించి బెలెతే బస్సు మీద కట్టించాను. రోజుకి నాలుగు గ్లాసులు తాగు. అవకాడో వైపు చూడకు.

ఇట్లు,
ఎతాగెన్

తా.క.: డబ్బా కడుతూంటే మెంగెషా తాడు తెంపుకుని బస్సు వెంట ఊరి చివరిదాకా పరిగెత్తాడు. పూర్వం నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు. నీ మందు బాగా పనిచేస్తోంది.


అడిస్ అబాబా,
ఉపవాసం ముప్పై నాలుగో రోజు.

అక్కయ్యకి,

నమస్కారాలు. డబ్బా అందిందని రాయాలా, పేలిందని రాయాలా?

రెండు రోజుల ఎండలో బస్సు కప్పు మీద ఉండి నీ రసం పొంగిపోయింది. షాషెమెనే ఊరు దాటాక మూత ఎగిరిపోయిందట. కిటికీలో తల పెట్టి నిద్రపోతున్న ఒక పెళ్ళిబృందం మొత్తానికి బీటురూటు స్నానమైంది. బెలెతే నాతో మాట్లాడటం లేదు. మిగిలిన సగం నేను తాగాను. తీయగా, పుల్లగా, కాస్త నురగగా ఉంది. మూడు గ్లాసుల తర్వాత బొటనవేలు నొప్పి పోయింది. అయిదు గ్లాసుల తర్వాత పక్కింటాయన గుమ్మంలో నిలబడి భుజాలు ఎగరేసి నాట్యం చేశానట, ఉపవాసంలో! "మెంగెషా, ఏం తాగావు?" అని అడిగాడు. "క్యారెట్టు" అన్నాను. నమ్మలేదు.

ఇప్పుడు అసలు గండం విను. డాక్టరమ్మది మీ ఊరే. వాళ్ళమ్మగారు చేపల రేవు దగ్గర ఉంటారట. పండగ దాకా సెలవు పెట్టి అక్కడికి వస్తోంది. "మరి నా తూకం?" అన్నాను. "అక్కడ తూచి చూస్తాను, మీరూ రండి" అంది. భయంతో నోరు జారి, "నేను రేపే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను, ఆవిడ నన్ను కట్టడిలో పెడుతుంది" అనేశాను. ఆవిడ నమ్మింది! నీ కొట్టుకి వచ్చి నిన్నే అడుగుతానంది.

నేను రాలేదు కదా. వేలు ఇంకా వాచే ఉంది, ఎలాగూ పండక్కి రావాల్సిందే, రెండుసార్లు బస్సెందుకని ఆగిపోయాను. పైగా ఇప్పుడు బెలెతే ఎక్కించుకోడు. నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. ఆడమని అనను. కాని నిజం చెప్తే నా పండగ అయిపోయినట్టే. అక్కయ్యా, చిన్నప్పుడు నా వాటా ముక్క కూడా నువ్వే కోసి పెట్టేదానివి. ఎలాగైనా గట్టెక్కించు.

మెంగెషా

తా.క.: ఈ ఉత్తరం వేరే బస్సులో వస్తోంది. ఆలస్యమవుతుందేమోనని బెంగగా ఉంది.


అర్బా మించ్,
ఉపవాసం ముప్పై తొమ్మిదో రోజు.

తమ్ముడు మెంగెషాకి,

దీవెనలు. నీ ఉత్తరం ఆలస్యమే అయ్యింది. ఆవిడ పొద్దున వచ్చింది, ఉత్తరం సాయంత్రం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కూర్చుని చదువు.

పొద్దున కొట్టు తెరుస్తూంటే కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ ఒకరు వచ్చారు. "నేను డాక్టర్ని. మెంగెషాని చూద్దామని వచ్చాను" అంది. నేను పశువుల డాక్టరుకి కబురు పెట్టి మూడు వారాలు దాటింది. ఇన్నాళ్ళకి వచ్చారని సంతోషించి కూర్చోబెట్టాను.

"ఎలా ఉన్నారు?" అంది. పొట్టేలుని కూడా ఎంత మర్యాదగా అడుగుతోందో అనుకున్నాను.

"బాగా తగ్గాడండీ" అన్నాను.

"ఏం తీసుకుంటున్నారు?"

"రసం తప్ప ఏదీ ముట్టడు. క్యారెట్టు, అనాస, బీటురూటు. తేటగా ఉండాలి. గడ్డి పెడితే మూతి తిప్పుకుంటాడు."

ఆవిడ నవ్వింది. "ఇంకా గడ్డి అనే అంటున్నారా! అవకాడో?"

"ఛ, వాసన కూడా చూడడు."

"ఎంత తగ్గారు?"

"ఎనిమిది కిలోలండీ. మొన్ననే కాఫీ గింజల వ్యాపారి కాటాకి తూచాం."

"కాఫీ కాటాకా? ఎలా?"

"కొక్కేనికి వేలాడదీశాం. ముగ్గురం పట్టుకున్నాం. కాళ్ళు కొట్టుకున్నాడు గానీ, కళ్ళకి తువ్వాలు కడితే ఊరుకున్నాడు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పుడెక్కడ ఉన్నారు?" అంది.

"వెనక దొడ్లో కట్టేసి ఉన్నాడు. విప్పితే తిన్నగా అస్కలే కొట్టులో దూరతాడు. తీసుకురమ్మంటారా?"

"వద్దు వద్దు, సిగ్గుపడతారు" అంది. నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయిరా. "ఇన్నేళ్ళలో ఇలాంటి కట్టడి నేను ఎక్కడా చూడలేదు. ప్రతి ఇంట్లో మీలాంటి మనిషి ఉంటే నాలాంటివాళ్ళ అవసరమే ఉండదు" అంది.

"అదంతా బాగానే ఉంది గానీ డాక్టరమ్మా, పండక్కి మాంసం సంగతే నా బెంగ" అన్నాను. ఆ బక్క ఒంటికి మాంసం ఎక్కడిదని నా ఉద్దేశం.

"ఎనిమిది కిలోలు తగ్గాక ఇంకా బెంగేమిటి? నేను రాసిస్తాను" అని కాగితం తీసి రాసి, ముద్ర వేసి ఇచ్చింది. మూడు రంగులది ఒక గ్లాసు తిని, బాగుందని ఇంకొకటి తిని వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక కళ్ళజోడు వెతుక్కుని కాగితం చదివాను. "మెంగెషా ఫాసికా పండుగ నాడు మాంసం భుజించుటకు నాకు అభ్యంతరము లేదు" అని ఉంది. ఇదేం డాక్టరురా దేవుడా, పొట్టేలు చేత మాంసం తినిపిస్తుందా అని బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను. సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. అప్పుడు తెలిసింది.

వెంటనే చెప్పులేసుకుని చేపల రేవు వైపు బయల్దేరాను, నిజం చెప్పేద్దామని. సగం దారిలో ఆగాను. నేను ఆడిన అబద్ధం ఏది? అడిగింది చెప్పాను. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. ఆవిడ ఎవరి గురించి అడుగుతోందో నాకు తెలియలేదు, నేను ఎవరి గురించి చెప్తున్నానో ఆవిడకి తెలియలేదు. పైగా ఆవిడ అంత సంతోషంగా వెళ్ళింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

కాని మెంగెషా, ఆ కాగితం చూస్తే నాకు గుండె బరువెక్కుతోంది. అది నీది కాదు. సంపాదించినవాడు దొడ్లో ఉన్నాడు. నీ మందు మొత్తం ఒక్కరోజు మానకుండా తాగినవాడు వాడు. వాడి మెడ మీద నేను కత్తి పెట్టలేను. వాణ్ణి కోయడం లేదు. కొట్టు గుమ్మంలో కూర్చుంటాడు, వచ్చినవాళ్ళు తల నిమిరి లోపలికి వస్తున్నారు. నీ పండగ కోసం మా వీధి వాళ్ళందరూ కలిసి కోసే ఎద్దులో ఒక వాటా తీసుకున్నాను. మెడ పక్క ముక్క, నువ్వు ఇష్టపడేది, నీకే అని చెప్పి ఉంచాను.

అయితే కాగితం నా పెట్టెలో ఉంటుంది. నువ్వు ఇవాళే బయల్దేరి రా. ఇంకా పదహారు రోజులున్నాయి. ముందు మూతి దగ్గర నీకు పీట వేస్తాను. ఆవిడ ఇచ్చిన కాగితం నిజం కావాలి, నేను ఆవిడ ముఖం చూడగలగాలి. నీ వేలు కూడా నాకు కావాలిరా. మీ బావ కూడా ఇలాగే డాక్టర్ల మాట నవ్వులకి కొట్టిపారేసి నన్ను ఒంటరిదాన్ని చేసి పోయాడు. ఇంక నాకు మిగిలింది నువ్వొక్కడివే. తగ్గితే కత్తి నీ చేతికిస్తాను, కారం నేనే నూరి పెడతాను. లేకపోతే నీ ముందు కూర్చుని నీ వాటా కూడా నేనే తింటాను.

ఇట్లు నీ అక్క,
ఎతాగెన్

తా.క.: తూకం గురించి బెంగ పడకు, అదే కాఫీ కాటా, అదే కొక్కెం. తువ్వాలు ఉతికి ఆరేశాను. వాడికి ముగ్గురం సరిపోయాం, నీకు ఆరుగుర్ని మాట్లాడి పెట్టాను.